దొరగారి బంతి

మూడంతస్తుల భవనం కూలిన రెండో రోజు మధ్యాహ్నం దొరగారు అలిగారు.

దొర అంటే కుక్క. శిథిలాల కింద మనుషుల్ని వాసనపట్టడానికి తెచ్చిన గోధుమరంగు కుక్క. దాని నడకలోని దర్జా చూసి సహాయదళం వాళ్లు పెట్టుకున్న పేరది. బతికున్న మనిషి దగ్గర మొరుగుతుంది. చనిపోయిన మనిషి దగ్గర చప్పుడు చేయకుండా పడుకుంటుంది. నిన్నటినుంచి తొమ్మిదిసార్లు పడుకుంది. ఒక్కసారీ మొరగలేదు. ఇప్పుడు మూతి ముందుకాళ్ల మధ్య పెట్టుకుని, ఎర్రబంతిని ముక్కు దాకా దొర్లించినా కళ్లు తిప్పేసుకుంటోంది.

బస్సు కండక్టరు, జనం రాకుండా కట్టిన తాడు అవతల నిలబడి దాన్నే చూస్తున్నాడు. రెండో అంతస్తులోని పుస్తకాల బైండింగు షాపులో అతని కూతురు పనిచేసేది. కాదు, పనిచేస్తోంది. ఆ రెండు మాటల మధ్య అతని నాలుక తడబడుతూనే ఉంది.

"ఏమైంది బాబూ దానికి?"

"దానికిదంతా ఆటేనండీ," అన్నాడు కుక్కను నడిపేవాడు. "తను వెతికిన మనిషి లేచి తనతో ఆడాలి. నిన్నటినుంచి ఎవరూ లేవలేదు. మనసు విరిగింది. ఎవరైనా దాక్కుని దానికి దొరికితే మళ్లీ లేస్తుంది. మావాళ్లంతా తవ్వుతున్నారు, ఒక్కరినీ లాగలేను."

"నేను దాక్కుంటా."

పక్కనే ఉన్న బావమరిది చెయ్యి పట్టుకుని లాగాడు. "బుద్ధుందా బావా? పిల్ల లోపలుంటే కుక్కతో దాగుడుమూతలాడతావా?"

"అది లేవకపోతే పిల్లను ఎవడు వెతుకుతాడ్రా, నువ్వా? ఇంట్లో పాలు మాడినా తెలియదు నీ ముక్కుకి."

కండక్టరు వాలుగా పడిన గోడ కింద దూరాడు. కుక్కను నడిపేవాడు బంతి చేతికిచ్చి, రేకు అడ్డంపెట్టాడు. లోపల సిమెంటు దుమ్ము, దాని అడుగున మైదాజిగురు వాసన. రోజూ సాయంత్రం కూతురి చేతుల్లో ఉండే వాసన. బస్సు కదిలేముందు అందరినీ క్షేమంగా దింపమని ప్రతిరోజూ వేడుకునేవాడు. ఇంట్లోవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలని ఎన్నడూ తోచలేదు. స్వామీ, విడిగా చెప్పకపోతే నీకు తెలియదా?

రేకు అంచున ముక్కు పీల్చిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తన దగ్గర కూడా పడుకుందేమో? వేలితో రేకుమీద గీకాడు.

కుక్క మొరిగింది.

బయటికొచ్చి, చెప్పినట్టే ఆడాడు. "ఏయ్ దొరా! దొంగా! పట్టుకో చూద్దాం!" అంటూ యూనిఫాం మోకాళ్లమీద పాకాడు. తాడు దగ్గర ఒకామె నవ్వబోయి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తోక ఊగింది. బంతికోసం ఇద్దరూ పెనుగులాడారు.

దొర శిథిలాలెక్కింది. యంత్రాలాపేశారు. మెట్లు విరిగినచోట రెండు చుట్లు తిరిగి, నిలబడి, అతనివైపు ఒకసారి చూసి, పడుకుంది.

తవ్వగా ముందు చెయ్యి కనబడింది. గోళ్ల చుట్టూ ఎండిన జిగురు. చాలు, ఇంకేమీ చూడనక్కరలేకపోయింది. 

కాసేపటికి కండక్టరు తలెత్తి చూస్తే, దొర మళ్లీ మూతి కాళ్లమధ్య పెట్టుకుంది. బంతి పక్కనే పడి ఉంది. తాడు దగ్గర ఇందాకటి ఆమె అతన్ని చూడడంలేదు, కుక్కను చూస్తోంది.

"ఆమెవాళ్లెవరు లోపల?"

"కొడుకండీ," అన్నాడు కుక్కను నడిపేవాడు, తలదించుకుని. "మొత్తంమీద ఇంకా ఆరుగురు దొరకాలి."

కండక్టరు బంతి తీసుకుని గోడ కిందికి నడిచాడు. ఈసారి బావమరిదే కళ్లు తుడుచుకుంటూ వచ్చి రేకు అడ్డంగా లాగాడు.

"మెల్లిగా బావా. తల తగులుతుంది."

చీకట్లో ఏడుపు తన్నుకొచ్చింది. చప్పుడైతే ఆట చెడుతుంది. యూనిఫాం చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుని, ముక్కు చప్పుడుకోసం ఎదురుచూస్తూ పడుకున్నాడు.