ఇలారియో తుపాకీలో ఇరుక్కున్న తొడుగు

శనివారం పొద్దున్నే ఇలారియో తన రైఫిల్‌ను వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, దాన్ని చేసినవాడి ఏడు తరాలనూ తిట్టడం మొదలుపెట్టాడు. తిట్టక ముద్దుపెట్టుకుంటాడా మరి? రెండు ఆదివారాలుగా అది నలుగురిలో అతని పరువు తీస్తోంది.

ఇటలీలోని మరెమ్మ కొండల్లో అడవిపంది వేటంటే ఒక్కడి పని కాదు, దండు పని. కుక్కలు తరుముతాయి. తుపాకీలున్నవాళ్లు పంది కోసం కాసుకునే చోట్లలో, ఎవరి కాపు దగ్గర వాళ్లు నిలబడతారు. ఏ కాపు ఎవరిదో చెప్పేది దండు పెద్ద ఫోస్కా. వాగు సన్నబడే చోట పందులన్నీ దాటుతాయి గనక ఆ కాపు అన్నిటికన్నా గొప్పది. అది ఇలారియోది. మొన్నటి రెండు ఆదివారాలూ పంది అక్కడికి వచ్చింది. ఇలారియో ఒక దెబ్బ కాల్చాడు, తప్పింది. రెండోది కాల్చబోతే, పేలిన తూటా తాలూకు ఖాళీ తొడుగు బయటికి ఎగరకుండా, తూటాను లోపలికి తోసే బోల్టుకి అడ్డంపడి కూర్చుంది. దాన్ని గోళ్లతో పీకేలోపు పంది తోకాడించుకుంటూ పోయింది.

"రెండో దెబ్బ పడుంటే అది అక్కడే కూలేది," అని రెండుసార్లూ మొత్తుకున్నాడు.

"మూడోసారి కూడా పోతే ఆ కాపు దుయీలియోకి ఇచ్చేస్తా," అని ఫోస్కా తేల్చి చెప్పింది. ఇలారియో బావమరిది దుయీలియో మొహం చేటంత అయింది.

"బెంగపడకు బావా, నాకిస్తే ఇంట్లో ఉన్నట్టే కదా!" అన్నాడు.

ఇంట్లో ఉన్నట్టేనట! ఆ మాట ఇలారియోకి వారమంతా నిద్ర పట్టనివ్వలేదు.

వేరే రకం తూటాలు వేసి చూశాడు. అదే వరస. కొత్త మ్యాగజైను పెట్టాడు. అదే వరస. తొడుగును పట్టి లాగే కొక్కెం కింద స్ప్రింగు మార్చాడు. ఊరి బయట గురి మైదానానికి వెళ్లి కాలిస్తే, రెండో తూటాకే మళ్లీ ఇరుక్కుంది.

"ఆ దరిద్రాన్ని వాగులో పారెయ్యరాదూ, బల్ల ఖాళీ అవుతుంది. మెతుకు తిందామంటే చోటు లేదు," అంది భార్య తెక్ల.

ఇక దారిలేక తుపాకీలు బాగుచేసే నజ్జరేనో దగ్గరికి పోయాడు. ముసలాయన కళ్లజోడు నెత్తి మీంచి దింపుకున్నాడు.

"తొడుగు గొట్టంలోంచి వెనక్కి వస్తోందా?"

"వస్తోంది. వచ్చి గుమ్మంలో పడుకుంటోంది."

"అయితే కొక్కేన్ని ఎందుకయ్యా ఆడిపోసుకుంటావు? లాగేది లాగుతోంది, గెంటేదే గెంటడం లేదు."

బోల్టు మొహాన స్ప్రింగు మీద ఆడే సన్నని పిన్ను ఒకటుంటుంది. తొడుగును బయటికి తన్నేది అదే. నజ్జరేనో దాన్ని మేకుతో లోపలికి నొక్కాడు. పోయిన పిన్ను పోయినట్టే ఉండిపోయింది. ముసలాయన బోల్టును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం నూనె పోశావు దీనికి?"

"మా తోట ఆలివ్ నూనె. మా నాన్న తన జోడు గొట్టాల తుపాకీకి బతికినంతకాలం అదే రాశాడు."

"దానికేం, ఆయన పైపైన గొట్టాలకి రాశాడు. నువ్వు దీని కడుపులో పోశావు. అది ఎండి బంకయింది."

"మా నూనె బంకా? ఈ చుట్టుపక్కల అందరూ వేళ్లు నాక్కుంటూ తింటారు!"

"తిననీవయ్యా, ఎవరొద్దన్నారు? తుపాకీ సలాడ్ తినదు."

ఇలారియోకి ఒళ్లు మండింది. తోటను తిట్టినా, తనను తిట్టినా అతనికి ఒకటే. ముసలాయన పిన్నునూ స్ప్రింగునూ ఊడదీసి, నల్లటి జిగురంతా కడిగి, అసలైన తుపాకీ నూనె ఒక్క చుక్క వేశాడు. సాయంత్రం మైదానంలో తొడుగులు ఒకదాని వెనక ఒకటి చక్కగా బయటికి ఎగిరాయి. "బంకట, బంక!" అని సణుక్కుంటూనే ఇలారియో ఇంటికి వచ్చాడు.

ఆదివారం చలి కొరికేస్తోంది. కుక్కల అరుపులు లోయలోంచి పైకి వచ్చాయి. పొద చీల్చుకుని పంది బయటపడింది. పెద్దది, ఒంటరిది, వాగు ఒడ్డున పక్కకి తిరిగి కనబడింది. ఇలారియో కాల్చాడు. తొడుగు ఎగిరింది. మళ్లీ కాల్చాడు. ఎగిరింది. మూడోసారి కూడా కాల్చాడు, అదీ ఎగిరింది. తుపాకీ గడియారంలా పనిచేసింది. పంది వాగు దాటి, ఒళ్లు విదిలించుకుని, చెట్లలో కలిసిపోయింది.

ఇలారియోకి గొంతు దాకా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. తూటాలు మంచివే, స్ప్రింగు మంచిదే, పిన్ను బంగారంలా ఉంది. కోప్పడడానికి ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. వెనక అడుగుల చప్పుడు వినబడగానే గడ్డిలో పడ్డ తొడుగులు గబగబా ఏరి జేబులో వేసుకున్నాడు.

ఫోస్కా, దుయీలియో వాలు దిగి వచ్చారు.

"ఏమైంది?" అంది ఫోస్కా.

"ఏమవుతుంది! మళ్లీ ఇరుక్కుంది దరిద్రపుది. మొదటి దెబ్బకే."

ఫోస్కా కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఇలారియో," అంది మెల్లగా, "మూడు దెబ్బలు వినబడ్డాయి. లోయంతా విన్నది."

ఇలారియో నేల చూపులు చూశాడు. దుయీలియో ఇప్పుడు ఏదో ఒకటి అంటాడని, నవ్వుతాడని, అంటే వాడి గొంతు పట్టుకోవచ్చని ఎదురుచూశాడు. దుయీలియో నవ్వలేదు. బావ కళ్లలోకి చూడకుండా అతని సంచీ తీసి తన భుజాన వేసుకున్నాడు.

"పద బావా, చలిగా ఉంది," అన్నాడు.