బొచ్చె కడుపు

నడుము లోతు నీళ్లలో నిలబడి ముత్యం పెద్ద బొచ్చెచేపను చంకలో ఇరికించుకున్నాడు. ఎడమ చేత్తో దాని కళ్లు మూసి, కుడి బొటనవేలితో కడుపు నొక్కి చూశాడు. గట్టిగా తగిలింది. గుడ్లు పండిన చేప కడుపు మెత్తగా ఉంటుంది, వేలు ఆనిస్తే లోపలికి దిగుతుంది. ఇరవై రెండేళ్లుగా తల్లిచేపల్ని మేపుతున్న మనిషి. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కరీంనగర్ అవతల ఉన్న ఈ చేపపిల్లల కేంద్రాన్ని నిరుడు కొన్న భానుప్రసాద్‌కు బియ్యం మిల్లుంది. మిల్లు తవుడు ఊరికే వచ్చేదే కదా అని ఎండాకాలమంతా రెండింతలు వేయించాడు. చేప ఎంత లావెక్కితే అన్ని గుడ్లు పెడుతుందట! ఒట్టి తవుడుతో గుడ్డుకు బలం రాదు, నూనె తీసిన పల్లిచెక్క, కాస్త చేపపొడి కలపాలని ముత్యం చెప్పి చెప్పి విసిగిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తొలకరి పడింది. గట్టు మీద గొడుగు కింద నిలబడి భానుప్రసాద్ గుడ్లకోసం వేసే సూదిమందు సిద్ధం చేయించాడు.

"కడుపుల గుడ్లు లేవు సారు, గది కొవ్వు. పదిహేను దినాలు మేత తగ్గియ్యుండ్రి. ఇప్పుడు సూదేస్తే సస్తది," అన్నాడు ముత్యం.

"నువ్వేమన్న డాక్టరువా? పట్టుకొమ్మంటే పట్టుకో."

పట్టుకున్నాడు. వద్దన్న చేపను తానే పట్టి ఇచ్చినందుకు ముత్యానికి తన మీదే అసహ్యం వేసింది.

సాయంత్రమైనా గుడ్లు రాలేదు. భానుప్రసాద్ ఆగలేక కడుపు పిండించాడు. గుప్పెడు గుడ్లు, వాటి వెంట నెత్తురు వచ్చాయి. ప్రాణమున్న గుడ్డు గాజుపూసలా మెరుస్తుంది. పళ్లెంలో పడ్డవి కాసేపటికే సున్నంలా తెల్లబడ్డాయి. బొచ్చె రెండుసార్లు నోరు తెరిచి ఆగిపోయింది. ఆరేళ్ల కింద వేలెడు పిల్లగా తెచ్చి ముత్యం పెంచిన చేప అది.

"నీ చెయ్యే పాడుది. రేపటి సంది రాకు," అన్నాడు భానుప్రసాద్, పనివాళ్లందరూ వింటుండగా. చేపను కోసి, తన ఇంటికి పంపి మరీ పొమ్మని కూడా చెప్పాడు.

ముత్యం కత్తి తెచ్చాడు. అందరి ముందూ కడుపు నిలువునా చీల్చాడు. లోపలిది రెండు చేతులా తీసి భానుప్రసాద్ కాళ్ల దగ్గరున్న పళ్లెంలో పెట్టాడు. చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని గేటు వైపు నడిచాడు.

పళ్లెంలో తెల్లబడ్డ గుడ్ల పక్కన పసుపుపచ్చని కొవ్వు ముద్ద ఉంది. దాని మీద పడ్డ వాన చుక్కలు నిలవక జారిపోతున్నాయి.