కన్నాలు పూడ్చిన సుంకక్క

నేను ఒక తోలుబొమ్మను. మేకతోలు బొమ్మను. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా బొమ్మల్లోనూ ఎక్కువ తక్కువలున్నాయి. దేవుళ్లకూ రాజులకూ జింకతోలు, నాలాంటి నోటిదురుసు దానికి మేకతోలు. నా పేరు సుంకక్క. నేను కథలో ఉండను, కథకు అడ్డం వస్తాను. రాజు యుద్ధానికి పోతూ పద్యం ఎత్తుకుంటే ఎదురు నిలబడి, "నువ్వు పోతే పోయినావు గానీ, పొయ్యిలోకి కట్టెలు ఎవురు తెస్తారప్పా?" అని అడుగుతాను. జనం విరగబడి నవ్వేవాళ్లు. ఆ ఏడు ఊరి కరువు బియ్యం ఏ పెద్దమనిషి మింగాడో కూడా నా నోటితోనే చెప్పించేవాళ్లు. మనిషి చెబితే తంతారు, బొమ్మ చెబితే నవ్వుతారు. మనుషుల ధైర్యం అంతే మరి.

నన్ను చేసింది ఖండప్ప. ధర్మవరం దగ్గరి ఒక పల్లెలో ఆటగాడు. నూరేళ్లు దాటింది. తోలును వేడినీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకి, నేలమీద మేకులతో బిగదీసి, వెలుగు ఇటునుంచి అటు దాటేంత పలచన చేశాడు. తర్వాత ఉలి పట్టి కన్నాలు కొట్టాడు. మీకు నగలంటే బంగారం, మాకు కన్నాలు. వెనక దీపం పెడితే ఒక్కో కన్నంలోంచి ఒక్కో చుక్క వెలుగు తెరమీద పడుతుంది. ముక్కుపుడక ఒక్క చుక్క. వడ్డాణం అరవై చుక్కలు. కళ్ల చుట్టూ, కొంగు అంచునా, అన్నీ కలిపి నాలుగు వందల పన్నెండు. వెలుగు లేకపోతే నేను తోలుముక్కను. వెలుగు పడిందా, నా ముందు ఏ రాణీ నిలవదు.

ఇంకో సంగతి. మా వాళ్లు కొత్త బొమ్మను ఊహించి గీయరు. పాత బొమ్మ మీంచి తీస్తారు. పాతదాన్ని వెలుగుకు ఎదురు పెట్టి, దాని ముందు కొత్త తోలు పట్టుకుంటే కన్నాల వెలుగు చుక్కలు చుక్కలుగా దానిమీద పడుతుంది. ఆ చుక్క చుక్కకూ ఉలి దిగుతుంది. పాతది లేకపోతే కొత్తది లేదు. అంతే.

ఖండప్ప తర్వాత అతని కొడుకు మారుతప్ప నన్ను ఆడించాడు. మారుతప్ప కూతురు యల్లూబాయి నాకు గొంతు ఇచ్చింది. ఆ గొంతు నాకు ఎంత సరిపోయిందంటే, పెళ్లి చూపుల్లో ఆమె నోరు తెరవగానే మగపెళ్లివారు "ఓహో, సుంకక్క!" అన్నారట.

అలా ఉండగా ఒక రోజు జీపు వచ్చింది. ఢిల్లీలో ప్రదర్శన, ఏడాదిలో తిరిగి ఇచ్చేస్తాం అన్నాడు దిగిన ఆఫీసరు. మారుతప్ప సంబరపడి కాగితం మీద వేలిముద్ర వేశాడు. కాగితంలో "శాశ్వతంగా" అని ఉంది. చదవడం రానివాడి దగ్గర ఆ మాట రాసుకుపోవడానికి ఎంత సిగ్గులేనితనం కావాలో మీరే చెప్పండి. ఏడాది నలభై ఒక్క ఏళ్లయింది.

ఆ ఏళ్లన్నీ ఒక మ్యూజియంలో, నాలుగో గదిలో, రెండు అద్దాల మధ్య గడిపాను. కింద చీటీ: "జానపద స్త్రీ. తోలు, రంగులు." పేరు లేదు. చేసినవాడి పేరు అసలే లేదు. రాజుగారి కత్తికి మాత్రం రాజు పేరు, వాళ్ల నాన్న పేరు, ఆయన గెలిచిన ఊళ్ల పేర్లు. ఆ కత్తి చేసిన కమ్మరి పేరూ లేదు లెండి, నాకు తోడు.

ఒక ఏడు పరిరక్షణ పథకం కింద బయటినుంచి ఒక బృందం వచ్చింది. నన్ను బల్లమీద పడుకోబెట్టి, భూతద్దం పెట్టి, "పురుగు కొట్టిన రంధ్రాలు" అని రాసుకున్నారు. రాసుకుని, ఒక్కటీ వదలకుండా, తోలు రంగు కలిపిన జిగురుముద్దతో పూడ్చేశారు. పాపం, పని శుభ్రంగా చేశారు. అదే నా బాధ. వాళ్లలో ఒక్కడైనా తోలుబొమ్మలాట చూసి ఉంటే చాలు. చూడకుండానే చదువు పూర్తయింది వాళ్లకు. మ్యూజియం క్యూరేటర్ రంగనాథ్ గారు వచ్చి చూసి, "కొత్తదానిలా ఉంది!" అని మురిసిపోయారు. ఆయన చెడ్డమనిషి కాదు. నా మీద దుమ్ము తన చేతిరుమాలుతో తుడిచేవారు. రూలు దాటి ఆలోచించడం ఎవరూ నేర్పలేదు, అంతే.

అక్కడ పల్లెలో మా వాళ్లు నేను లేకుండా ఆడలేక, దీపాలకు తోలు గొడుగులు చేసి బతుకుతున్నారు. యల్లూబాయి కోడలు చంద్రకళ చెయ్యి మంచిది. అత్త చెబుతుంటే రెండుసార్లు నన్ను కొత్తగా గీసింది. రెండుసార్లూ కళ్లు దించుకున్న రాణి వచ్చింది. ఆ మొహం కట్టెల సంగతి అడిగితే ఎవరు నమ్ముతారు? యల్లూబాయికి డెబ్బై దగ్గర పడింది, ఒక కంటికి చూపు పోయింది. నన్ను ఆడించినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. రెండో కన్ను పనిచేస్తుండగానే నన్ను ఇంటికి తెచ్చి కొత్తదాన్ని తీయించాలని పదేళ్లు అర్జీలు పెట్టింది. ప్రతి అర్జీకీ ఒకటే జవాబు: వస్తువులను వేరే మ్యూజియాలకు మాత్రమే అరువు ఇవ్వగలం.

అప్పుడే కేంద్ర ప్రభుత్వం జాతీయ కళా సంస్కృతి వారసత్వ విధానాన్ని తిరగరాస్తున్నామని ప్రకటించింది. నాకు ఆశ పుట్టలేదు. విధానం అంటే నాకు తెలుసు. మంత్రి విమానం దిగితే డప్పులు కొట్టించడం, జనవరిలో కళాకారులను లారీ ఎక్కించి ఊరేగించడం, ఫారాన్ని కళాకారుడికి రాని భాషలో అచ్చు వేయడం. కానీ ముసాయిదా కమిటీ ఊరూరా తిరుగుతూ మా మ్యూజియం హాలుకే వచ్చింది. అధ్యక్షురాలు ప్రసూన గారు. మాట్లాడటానికి ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, తర్వాత గంట కొడతారు. బాగా భద్రపరిచిన వస్తువుకు నమూనాగా నన్ను తెచ్చి బల్లమీద నిలబెట్టారు. గోడమీద ప్రొజెక్టర్ వెలుగులో "వారసత్వం మన గర్వం" అని అక్షరాలు.

ఒకాయన తన అకాడమీకి భవనం అడిగాడు. ఇంకొకాయన భవనానికి ఏసీ అడిగాడు. తర్వాత చంద్రకళ భుజం పట్టుకుని యల్లూబాయి వచ్చింది. మైకు దగ్గరికి పోకుండా నా దగ్గరికి వచ్చింది.

"ఎట్లుండావే సుంకక్కా? బలే నున్నగైనావే!"

"అమ్మా, మూడు నిమిషాలు. మైకులో చెప్పండి" అన్నారు ప్రసూన గారు.

"అన్ని నిమిషాలు నాకెందుకు మేడమ్మా. దీన్ని ఆ లైటుకు అడ్డం పట్టుకోమను, సాలు."

రంగనాథ్ గారు కుర్చీలోంచి లేచారు. "లైటా! వెలుతురు పడితే రంగు పోతుందమ్మా. రూల్స్ ఒప్పుకోవు."

"వెలుతురు కోసమే పుట్టింది కదప్పా ఇది! చీకట్లో పెట్టి కాపాడతారా?"

ప్రసూన గారు ఒక్క నిమిషానికి ఒప్పుకున్నారు. నన్ను అద్దాల్లోంచి తీసి ప్రొజెక్టర్ ముందు పట్టుకున్నారు. గోడమీది అక్షరాల నడుమ ఒక మొద్దు ఎర్రముద్ద పడింది. కన్ను లేదు, ముక్కు లేదు, ఒక్క చుక్క వెలుగు లేదు. నలభై ఒక్క ఏళ్ల తర్వాత తెరమీదికి వచ్చి ఇలా నిలబడ్డాను. ఇంతకంటే అవమానం నాకు ఏ ఊళ్లోనూ జరగలేదు.

యల్లూబాయి గోడ దగ్గరికి పోయి ఉన్న ఒక్క కన్నుతో వెతికింది. "ముక్కుపుడక యాడ సారూ? వడ్డాణం యాడ? మా తాత కొట్టిన కన్నాలు యాడ బోయినాయి?"

రంగనాథ్ గారు గబగబా ఫైలు తిప్పారు. "అవి పురుగు కొట్టినవని... మొత్తం నాలుగు వందల పన్నెండు పూడ్చినట్టు..." అని తానే పైకి చదివారు.

"నాలుగు నూర్ల పన్నెండు! లెక్క మాత్రం తప్పలేదప్పా మీది!"

హాలు హాలంతా నవ్వింది. నోరు పూడిపోయి కూడా జనాన్ని నవ్వించాను, చూసుకోండి.

ప్రసూన గారు నవ్వలేదు. "మీకేం కావాలమ్మా?" అన్నారు.

"ఇంటికి పంపియండి. ఆ ముద్దంతా తీస్తాము. దాని మీంచి కొత్తదాన్ని తీస్తాము."

"తీశాక మళ్లీ ఇక్కడికి పంపిస్తారా?"

చంద్రకళ అత్త చెయ్యి గిల్లింది. "అవునను అత్తా" అని గొణిగింది. ఒక్క అబద్ధం చాలు, అప్పటికప్పుడు నన్ను ఇచ్చేసేలా ఉన్నారు. అవునంటే బాగుండు అనుకున్నాను నేనూ.

"లేదు మేడమ్మా" అంది యల్లూబాయి. "కొత్తది వచ్చినాక పాతదాన్ని చిత్రావతి నీళ్లల్లో వదుల్తాము. అది మా పద్ధతి."

గోల మొదలైంది. "వందేళ్ల వస్తువును నీళ్లలో పారేస్తారా?" అని రంగనాథ్ గారు దాదాపు అరిచారు.

"పారేయము సారూ, సాగనంపుతాము. మీ నాయన పోతే అద్దాల పెట్టెలో పెట్టి టికెట్టు పెట్టినావా?"

గంట మోగింది. ఆమె వెళ్లిపోయింది. నన్ను మళ్లీ అద్దాల మధ్య పెట్టారు. నిజం చెప్పినందుకు ఆమె మీద ఆ రోజంతా మండిపడ్డాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మర్నాడు మధ్యాహ్నం రంగనాథ్ గారు ఒక్కరే వచ్చారు. అటూ ఇటూ చూసి, నన్ను అద్దాల్లోంచి తీసి, తన ఫోను లైటు నా వెనక పెట్టారు. నా ముక్కు దగ్గర గోటి కొసతో మెల్లగా గీకారు. జిగురు రాలి ఒక్క కన్నం తెరుచుకుంది. ఒక్క చుక్క వెలుగు ఆయన చొక్కామీద పడింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకోబోయారు. మనుషులు ఎంత చదివినా అలాంటి పని ఒకటి చేస్తారు, అందుకే వాళ్లమీద పూర్తిగా కోపం నిలవదు. ఆ సాయంత్రమే ఆయన కమిటీకి ఉత్తరం రాశారు. తన పొరపాటు తన పేరుతో ఒప్పుకుంటూ, యల్లూబాయి మాట వినమంటూ.

ఎనిమిది నెలలకు కొత్త విధానం వచ్చింది. తొంభై పేజీలు. అందులో చాలా భాగం పాత గంజే, గిన్నె మార్చారు. ఉత్సవాలు అలాగే ఉన్నాయి, అకాడమీకి భవనమూ వచ్చింది. కానీ ఒక వాక్యం ఉంది: "వాడుకలో బతికే వస్తువుల విషయంలో వాడకం, మరమ్మతు, ముగింపు, ఈ మూడింటికీ ఆ పని చేసేవారి మాటే తుది మాట." ముగింపు అన్న మాట తీసేయాలని పైన పెద్ద పెద్దవాళ్లు పట్టుబట్టారట. ప్రసూన గారు తీయలేదట. నాకు ఆ ఒక్క వాక్యం చాలు. మిగతా పేజీల కోసం మీరు కొట్లాడండి. అన్నీ బొమ్మలే చేయాలంటే మనుషులెందుకు?

రంగనాథ్ గారే నన్ను పల్లెకు తెచ్చారు. యల్లూబాయి వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ నామీద వేసి, తుమ్మముల్లుతో ఒక్కో కన్నం తెరిచింది. పదకొండు రోజులు పట్టింది. చెవులు తెరుచుకున్నట్టు, ముక్కు దిబ్బడ వదిలినట్టు, ఎంత హాయిగా ఉందో! పన్నెండో రోజు నన్ను ఎండపడే కిటికీకి కట్టి, చంద్రకళ కొత్త మేకతోలు పట్టుకుంది. వెలుగు నాలోంచి దానిమీదికి చుక్కలు చుక్కలుగా నడిచింది.

"అత్తా, గడ్డం కింద ఇదొకటి వంకరగా ఉండాది. ఇది నిజంగానే పురుగు కొట్టిందేమో!"

"అదీ కొట్టు. ఇన్నేండ్లూ దాంతోనే కదా ఆడింది."

కొత్త సుంకక్క తెరమీదికి వచ్చిన ఆటకు ముందు వరసలో రంగనాథ్ గారు కూర్చున్నారు. అది రాజును వదిలేసి నేరుగా ఆయనవైపు తిరిగి, యల్లూబాయి గొంతుతో, "ఏం సారూ, చేతిలో జిగురు తెచ్చినావా?" అంది. పల్లె పల్లెంతా ఊగిపోయింది. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు. బుట్టలో పడుకుని విన్నాను. అసూయ పుట్టలేదు. నూరేళ్లు మోసిన బరువు ఎవరో దించుకున్నట్టు అనిపించింది, అంతే.

డ్యాం తలుపులు ఎత్తి చిత్రావతిలో నీళ్లు వదిలిన రోజు జమ్ముగడ్డి చాపమీద నన్ను పడుకోబెట్టి ఒడ్డుకు తెచ్చారు. రంగనాథ్ గారి చేతిలో ఒక ఫారం ఉంది. మ్యూజియం రిజిస్టర్‌లోంచి నన్ను తీసేయడానికి కారణం రాయాలట.

"ఏమని రాయమంటావమ్మా?"

"పని అయిపోయిందని రాయి సారూ."

ఆయన అక్షరం మార్చకుండా అలాగే రాసి సంతకం పెట్టారు. యల్లూబాయి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి చాపను మెల్లగా తోసింది. నీళ్లు ముందుగా నా కాళ్ల దారాలను విప్పుతున్నాయి. తోలు మెత్తబడుతోంది. ఒడ్డున అత్తాకోడళ్లు వచ్చే ఆటలో సుంకక్క ఎవరిని తిట్టాలో వాదించుకుంటున్నారు.