ఆ ఒక్క సెక్షన్ తప్ప

నేను ఒక క్వెరీని. అంటే డేటాబేసుని అడిగే ప్రశ్నని. నాకు ఒళ్ళంటూ లేదు, ఉన్నదల్లా పదకొండు లైన్లు. అలాగని నన్ను తేలిగ్గా తీసిపారేయకండి. నాకు తర్వాత తగిలించిన పన్నెండో లైను వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయినంత పనయింది.

నన్ను రాసినాయన పరాంకుశం గారు, కోస్తాలో ఓ యూనివర్సిటీకి సిస్టమ్ మేనేజరు. అక్కడ మార్కులకీ, హాజరుకీ, లైబ్రరీకీ అన్నిటికీ కలిపి లాగిన్ గుమ్మం ఒకటే. పాస్‌వర్డు ఐదుసార్లు తప్పు కొడితే ఖాతాకి తాళం పడాలి. సరిగ్గా కొట్టినా ఫోనుకొచ్చే ఓటీపీ చెప్పాలి. ఈ రెండు నియమాలూ అందరికీ అమల్లో ఉన్నాయా, ఎవరినైనా చూసీచూడనట్టు వదిలేశారా అని నెలకోసారి పట్టికలన్నీ తిరిగి చూసి రావడమే నా ఉద్యోగం. లోటుంటే పేరు చెబుతాను. లేకపోతే సున్నా అంటాను.

ఆయన నన్ను మూడు రోజులు రాశారు. ఒక కామా పెట్టడం, కాఫీ తాగడం, అదే కామా తీసేయడం. చివరికి నడిపించి చూస్తే మొదటిసారే వైస్ ఛాన్సలర్ గారి ఖాతా పట్టుకొచ్చాను. "ఓర్నీ! ఆయనకే తాళం లేదా!" అని పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి మరీ నవ్వారు. పుట్టిన రోజే అంత మెప్పు ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

ఆయన రిటైరయ్యాక కోటిలింగం గారి చేతికొచ్చాను. మంచాయనే. ఎవరినీ కసిరి ఎరగరు, ఎవరికీ కాదని చెప్పనూలేరు. ఆ రెండోదే కొంప ముంచింది.

పరీక్షల విభాగంలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. తలుపు దగ్గర ఓ నీలం ప్లాస్టిక్ బుట్ట ఉంటుంది, అందులో పడేసి లోపలికి పోవాలి. ఫలితాల రోజుల్లో ఓటీపీ బుట్టలో మోగుతుంటే మనుషులు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చేవారు. "ఫోను బయట, మేం లోపల. పనెట్లా సార్?" అని అందరూ ఆయన మీద పడ్డారు. సరే, పదిహేను రోజులని చెప్పి ఆయన ఆ సెక్షన్‌కి ఓటీపీ తీసేశారు. పనిలో పనిగా తాళమూ తీసేశారు. మన ఆఫీసుల్లో పదిహేను రోజులకి ఆయుష్షెంతో మీకు నేను చెప్పాలా?

నేను మాత్రం ప్రతి నెలా ఆ సెక్షన్ పేరు మోసుకొస్తూనే ఉన్నాను. ఇంతలో తనిఖీ కమిటీ వస్తోందన్నారు. గోడలకి సున్నాలు వేశారు, నర్సరీ నుంచి పూలకుండీలు అద్దెకి తెచ్చారు. కోటిలింగం గారు నాకు పన్నెండో లైను తగిలించారు. 'పరీక్షల విభాగం తప్ప' అని దానర్థం. నడిపించారు. సున్నా అన్నాను. కమిటీ వెళ్ళింది, కుండీలు నర్సరీకి వెళ్ళాయి, నా లైను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. కోపం రాలేదంటే అబద్ధం. కానీ అడిగినదానికే జవాబు చెప్పే పుట్టుక నాది, ఏం చేయను?

పదకొండు నెలలు గడిచాయి. ముగ్గురు విద్యార్థుల మార్కులు మారిపోయాయని బయటపడింది. మార్చింది ఎవరి ఖాతాలోంచి అంటే సువార్తమ్మ గారి ఖాతాలోంచి. పరీక్షల విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నావిడ, పెన్సిలు ముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. సస్పెండ్ చేసి విచారణ వేశారు.

"ఓటీపీ వచ్చేది మీ ఫోనుకే కదమ్మా. మీరు కాకపోతే ఇంకెవరు?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"నన్ను ఓటీపీ అడగనే అడగదు సార్. ఏడాదయింది. ఫోను బుట్టలో ఉంటది, నేను లోపలుంటా."

కోటిలింగం గారు నా రిపోర్టు ముందుకి జరిపారు. "మినహాయింపులు సున్నా సార్." ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే మరిచిపోయారు. నాకు తనే కట్టిన గంతలు మరిచిపోయి, నా మాట తనే నమ్మారు. సెక్షన్లో మిగతావాళ్ళు ఓటీపీ లేకుండా పనిచేస్తున్నామంటే తమ మీదకొస్తుందని నేల చూపులు చూశారు. ఒకసారి లాగిన్ చేసి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. చేతిలో కాగితం ఉండగా పక్క గదిదాకా ఎవరు నడుస్తారు? ఏడో వారానికి ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తర్వు టైపయింది. సంతకం ఒక్కటే తరువాయి.

సంతకానికి ముందు బయటి ఆడిటరు చూడాలని నిబంధన ఉంది కాబట్టి నజ్మా వచ్చింది. అందరూ రిపోర్టు అడుగుతారు, ఈ అమ్మాయి నన్నడిగింది. వేలు పెట్టుకుని ఒక్కో లైనూ పైకి చదివింది. పన్నెండో లైను దగ్గర వేలాగింది. అబ్బ, ఆ క్షణం కోసం ఎంత కాచుకున్నానో!

"సార్, ఈ లైన్ ఎందుకుంది?"

కోటిలింగం గారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "అది... కమిటీ వచ్చినప్పుడు... పదిహేను రోజులకని..." అంటూ కళ్ళజోడు తీసేశారు.

నజ్మా ఆ లైను ముందు రెండు చిన్న గీతలు పెట్టింది. గీతలుంటే కంప్యూటరు ఆ లైను చదవకుండా దాటేస్తుంది. నన్ను నడిపించింది. ఒక్క పేరు తెచ్చాను. పరీక్షల విభాగం, ఓటీపీ లేదు, తాళం లేదు. తర్వాత లాగిన్ల చిట్టా తీస్తే అసలు సంగతి తేలింది. ఎవరో ఊళ్ళోని వేరే కంప్యూటరు నుంచి సువార్తమ్మ గారి ఖాతాకి ఆరువందల నలభై తప్పు పాస్‌వర్డులు కొట్టి, ఆ తర్వాత ఒప్పుది కొట్టారు. తాళం ఉంటే ఐదోదానికే ఆగిపోయేవారు. వాళ్ళెవరన్నది పోలీసుల ప్రశ్న, నాది కాదు.

కోటిలింగం గారు తప్పు తనదని స్వహస్తాలతో రాసి, తనే రిజిస్ట్రారు గారికి పట్టుకెళ్ళి ఇచ్చారు. ఉత్తర్వు చించేశారు.

డ్యూటీలో చేరిన రోజు సువార్తమ్మ గారు కంప్యూటర్ గదికొచ్చారు. "సున్నా అన్నదేది? చూపించండి" అన్నారు. తెర మీద నన్ను చూపించారు. చాలాసేపు చూశారావిడ. సిగ్గుతో చచ్చిపోయాను.

"దాని తప్పేం లేదమ్మా. నేనే మరిచిపోయాను" అన్నారు కోటిలింగం గారు.

"మీరు మరిచిపోయారు సార్. నేను చెప్తానే ఉన్నా గదా?"



ఇప్పుడు పరీక్షల విభాగం వాళ్ళకి ఓటీపీ చూపించే తాళంచెవి గుత్తంత యంత్రాలిచ్చారు, ఫోనుతో పనిలేదు. పన్నెండో లైను ఆ రెండు గీతల వెనక అలాగే ఉంది. కోటిలింగం గారు తుడిచేస్తానంటే, గుర్తుగా ఉండనివ్వమని నజ్మా వద్దంది. నిన్న నెలాఖరు. నన్ను నడిపించారు, సున్నా తెచ్చాను. కోటిలింగం గారు ఆ కాగితం పట్టుకుని పరీక్షల విభాగానికి నడిచారు. ఫోను నీలం బుట్టలో పడేసి లోపలికెళ్ళి, ప్రతి నెలా అడిగినట్టే అడిగారు.

"ఏమ్మా సువార్తమ్మా, ఓటీపీ అడుగుతోందా?"

"అడుగుతోంది సార్."

అప్పుడు నా సున్నా కింద సంతకం పెట్టారు.