కిటికీ సందుల్లో గుడ్డపీలికలు

చలికాలం వచ్చిందంటే డాక్టరమ్మ గొంతు బొంగురుపోయేది. జలుబు వల్ల కాదు, చెప్పిందే చెప్పి చెప్పి. పాత మేడ కింది భాగంలో రెండు గదుల క్లినిక్కు ఆమెది. ముందు గదిలో గోడ వెంబడి బల్లలు, లోపల ఆమె మేజా, పరీక్ష మంచం, మూల ఒక సింకు. చీటీ రాసిచ్చి పంపేయడం ఆమెకు చేతకాదు. ముసలివాళ్ళకు దాహం లేకపోయినా నీళ్ళు తాగించమనేది. తడి బట్టలు పడుకునే గదిలో ఆరేయవద్దనేది. తలుపులు బిగించుకుని బొగ్గులు రాజేయవద్దని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "ఆవిడ దగ్గరికి జ్వరంతో వెళితే మాత్రలు నాలుగు, మాటలు నలభై" అని వీధిలో నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటూనే ఆమె చెప్పినట్టు నడుచుకునేవాళ్ళు.

ఆ వీధి చివర ఒక టైలరు ఉండేవాడు. వీధివైపు గది దుకాణం, వెనక గది ఇల్లు, దాని వెనక వంటకు చాటంత చోటు. ఇంట్లో ఆయన, భార్య, తల్లి. పిల్లలు లేరు. కత్తిరింపూ మిషను పనీ ఆయనవి, కాజాలూ గుండీలూ చేతికుట్టూ భార్యవి. ఆమె కాజా కుడితే అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, చేత్తో కుట్టిందంటే నమ్మనివాళ్ళుండేవారు.

టైలరు తల్లికి ఎప్పటినుంచో ఉబ్బసం. మాటకారి మనిషి. ఆయాసపడుతూ కూడా చమత్కారం మానేది కాదు. ఆ ఏడు చలి మొదట్లో కోడలు ఆమెను క్లినిక్కుకు తీసుకొచ్చింది.

"ఎలా ఉన్నారు పెద్దమ్మా?" అంది డాక్టరమ్మ, స్టెతస్కోపు వీపు మీద ఆనిస్తూ.

"ఈ ఆయాసం నాకు సవతి లాంటిదమ్మా. మామూలు సవతైతే మొగుడు పోయాక తన దారి తను చూసుకునేది. ఇది నన్నే పట్టుకుని కూర్చుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. లోపల ఈల వేసినట్టు వినిపిస్తోంది. బయట బల్లల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరి పసిబిడ్డో గొంతు చీల్చుకుని దగ్గుతోంది.

"ఈసారి చలిగాలి తగిలిందంటే ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుంది," అంది కోడలి వైపు తిరిగి. "ఆవిడ పడుకునే గదిలోకి గాలి వస్తుందా?"

"వస్తుందండి. పాత కిటికీ. రెక్కలు సరిగ్గా పడవు. రాత్రిళ్ళు సన్నగా కోసేస్తూ ఉంటుంది."

"ముందు అది మూయించమ్మా. ఒక్క సందు కూడా ఉండకూడదు. గది వెచ్చగా ఉండటానికి ఏముంది?"

"కరెంటు హీటరు ఉందండి. కిందటేడు కొన్నారు."

"మంచిది."

మాట ఇక్కడిదాకా వచ్చిందంటే, ఎవరికైనా సరే బొగ్గుల సంగతి చెప్పేది డాక్టరమ్మ. ఈసారి హీటరు ఉందన్నారు గదా అని ఆగిపోయింది. బయట బిడ్డ మళ్ళీ దగ్గింది. ఆమె చూపు తలుపు మీదికి పోయింది. చీటీ కోడలి చేతిలో పెట్టి, "తర్వాత ఎవరు?" అంది.

ఆ సాయంత్రమే కోడలు కిటికీ పని పట్టింది. టైలరు ఇంట్లో గుడ్డముక్కలకు కరువా? కోట్లకు వేసే లైనింగు పీలికలు ఏరి, మడతమీద మడత వేసి, కత్తెర మొనతో ఒక్కొక్క సందులోకీ దూర్చింది. తలుపు కింద పాత కంబళి చుట్టి పెట్టింది. అత్తగారు మంచం మీద కూర్చుని అజమాయిషీ చేసింది.

"పైన ఆ మూల వదిలేశావు. అక్కడి నుంచి దొంగలా దూరుతుంది."

"చూశాను అత్తయ్యా. అక్కడికే వస్తున్నా."

"ఇంకేం. భరిణెలో దాచిన బంగారంలా ఉంటాను ఇకనుంచి."

ఆ రాత్రి ముసలావిడ తెల్లవార్లూ నిద్రపోయింది. మర్నాడూ అంతే. దగ్గు తగ్గింది, అన్నం సయించింది. కోడలు వీధిలో డాక్టరమ్మ ఎదురుపడితే ఆగి మరీ చెప్పింది: "మీరు చెప్పినట్టు చేశాక హాయిగా పడుకుంటోందండి." డాక్టరమ్మకు ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

తర్వాత చలి ముదిరింది. ఈదురుగాలికి కరెంటు తీగలు తెగి, పొద్దు వాలితే చాలు వీధంతా చీకటైపోయేది. హీటరు మూలన పడింది. టైలరు దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉండేది. మందపాటి కోట్ల మడతలు దాని బరువుకే లొంగుతాయని ఆయన దాన్ని వదిలిపెట్టలేదు. పని ముగిశాక అందులో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉండేవి. వాటిని ఒక ఇనప మూకుట్లో పోసి, పైన బూడిద కప్పి, తల్లి మంచం కింద పెట్టాడు.

"బొగ్గులు వద్దంటుందటగా డాక్టరమ్మ?" అంది భార్య. ఆ మాట పక్కింటివాళ్ళ దగ్గర విన్నది.

"అది పొగకి భయపడి చెప్పేది. ఇవి కాలిపోయిన నిప్పులు. పొగ ఎక్కడుంది చూడు."

ఆమె వంగి చూసింది. పొగ లేదు. వాసనా లేదు. వెచ్చదనం మాత్రం మోకాళ్ళకు హాయిగా తగిలింది. అత్తగారు రాత్రి దగ్గితే లేచి నీళ్ళివ్వడానికి ఆమె అదే గదిలో కింద చాప వేసుకుని పడుకునేది. టైలరుకు పని ఒత్తిడి కాలం. దుకాణంలోనే లాంతరు పెట్టుకుని కుట్టి, అక్కడే నడుం వాల్చేవాడు.

రోజూ రాత్రి నిప్పులు అలాగే పెట్టారు. రెండు మూడు రోజులకు అత్తాకోడళ్ళిద్దరూ పొద్దున్నే తలలు పట్టుకుని లేవడం మొదలుపెట్టారు. "రోకలితో దంచినట్టుంది" అనేది ముసలావిడ. తలుపులు తీసి పనిలో పడ్డాక, పొద్దెక్కేసరికి తగ్గిపోయేది. టైలరు ఒక కోటు ఇవ్వడానికి వెళుతూ క్లినిక్కు దగ్గర ఆగాడు. డాక్టరమ్మ అప్పుడే ఎవరినో చూడటానికి బయల్దేరి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"అమ్మకీ మా ఇంటిదానికీ పొద్దున్నే తలనొప్పండి. వికారంగా కూడా ఉందంటున్నారు."

"ఊరందరికీ ఇదే ఇప్పుడు. గాలి మార్పు," అంటూ సంచిలోంచి మాత్రలు తీసిచ్చింది. "వేడిగా ఏదైనా తాగించండి. చలిలోకి రానివ్వకండి."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆమె అటు వెళ్ళిపోయింది. ఇద్దరికీ ఒకేసారి ఎందుకొచ్చిందని గానీ, పొద్దున్నే ఎందుకొస్తోందని గానీ ఆమె అడగలేదు.

మర్నాడు పొద్దున టైలరు నిద్రలేచేసరికి ఇంట్లో అలికిడి లేదు. రోజూ ఆ పాటికి గిన్నెల చప్పుడు వినిపించేది. రాత్రి సరిగా నిద్రపట్టి ఉండదులే, ఇంకాసేపు పడుకోనిద్దామనుకున్నాడు. మొహం కడుక్కున్నాడు. మిషనుకు నూనె వేశాడు. అప్పటికీ చప్పుడు లేకపోయేసరికి తలుపు తోశాడు. కింద చుట్టిపెట్టిన కంబళి అడ్డం పడి, భుజంతో నెడితే గానీ తెరుచుకోలేదు.

కబురందగానే డాక్టరమ్మ నైటీ మీద స్వెట్టరు తొడుక్కుని పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఇరుగుపొరుగు కోడలిని ఎత్తుకొచ్చి వీధి అరుగు మీద పడుకోబెట్టారు. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. చల్లగాలిలో ఊపిరి సన్నగా ఆడుతోంది. ముసలావిడను ఎవరూ బయటికి తేలేదు. మంచం మీద గోడవైపు ఒత్తిగిలి ఉంది. దుప్పటి మెడదాకా కప్పి ఉంది. డాక్టరమ్మ నాడి పట్టుకుని చాలాసేపు నిలబడింది, అవసరం లేకపోయినా. తర్వాత మంచం కిందికి వంగింది. మూకుడు, బూడిద. లేచి కిటికీ చూసింది.

రెక్క లాగింది. రాలేదు. పీలికలు పట్టుకుని పెరికింది. ఒక్కొక్కటీ మడతపెట్టి, వరస తప్పకుండా కుక్కినవి. గోళ్ళు విరిగాయిగానీ అవి ఊడి రాలేదు. ఆమె వెనకే టైలరు నిలబడి ఉన్నాడు.

"మీరు చెప్పినట్టే మూశాం డాక్టరమ్మా," అన్నాడు. "ఒక్క సందు కూడా వదల్లేదు."

నిష్ఠూరంగా అనలేదు. తను ఏ తప్పూ చేయలేదని ఆమె చెబితే బాగుండునన్నట్టు అన్నాడు.

కోడలిని పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళారు. మూతికి గొట్టం బిగించి ప్రాణవాయువు పెట్టారు. బతికింది. ముసలావిడ అంత్యక్రియలు కోడలు కళ్ళు తెరవకముందే అయిపోయాయి.

తల్లి పోయిన కబురు విని వచ్చిన టైలరు చెల్లెలు, అన్న వద్దంటున్నా వినకుండా క్లినిక్కుకు వచ్చింది. బల్లల నిండా జనం. ఆమె నేరుగా లోపలికి వెళ్ళి మేజా ముందు నిలబడింది.

"ఊళ్ళో అందరికీ బొగ్గులు వద్దని చెబుతారటగా. మా అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

డాక్టరమ్మ దగ్గర జవాబు ఉంది. హీటరు ఉందన్నారని చెప్పవచ్చు. చెప్పలేదు.

"చెప్పి ఉండాల్సింది," అంది.

"తలనొప్పని మా అన్నయ్య వస్తే మాత్రలిచ్చి పంపారట."

"అవునమ్మా. అడగాల్సింది. అడగలేదు."

చెల్లెలు పోట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషి. ఎదురు మాట లేకపోయేసరికి ఆమెకు కోపం నిలవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ముందు గదిలో అంతా విన్నారు. ఆ రోజు ముగ్గురో నలుగురో తమ వంతు రాకుండానే లేచిపోయారు.

ఆ తర్వాత డాక్టరమ్మ పొద్దున్నే ఇళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టింది. గుమ్మంలో నిలబడి జాగ్రత్తలు వల్లించడం మానేసింది. "ఎక్కడ పడుకుంటారు? చలికేం పెట్టుకుంటారు? కరెంటు పోతే ఏం చేస్తారు?" అని అడిగేది, గదిలోకి వెళ్ళి చూసేది. మూసిన గదిలో నిప్పుల నుంచి వచ్చే విషవాయువు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది, పొగ లేదని నమ్మకండని చెప్పేది. కొందరు మర్యాదగా లోపలికి పిలిచారు. కొందరు తలుపు సగమే తీశారు. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అని ఒకావిడ వినపడేలాగే అంది. డాక్టరమ్మ వినపడనట్టు పక్కింటి తలుపు తట్టింది.

ప్రతి సాయంత్రం మాత్రం టైలరు ఇంటికి వెళ్ళేది. కోడలు నడుస్తోంది, తింటోంది. చేతులు మాత్రం వణుకుతున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి మొదలుపెడితే దారం ఒకవైపు, సూది ఒకవైపు. జ్ఞాపకం కూడా జల్లెడైపోయింది.

"అత్తయ్య ఏదండీ?" అని అడిగేది. "మందులు వేసుకునే వేళయింది."

టైలరు మొదట్లో నిజం చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది కొత్త కబురే. అప్పుడే విన్నట్టు ఏడ్చేది. చెప్పలేక, "మా చెల్లెలింటికి వెళ్ళింది" అనడం మొదలుపెట్టాడు. "స్వెట్టరు తీసుకెళ్ళిందా?" అనేది ఆమె. ఆయన దుకాణంలోకి వెళ్ళి మిషను తొక్కేవాడు, కింద గుడ్డ లేకపోయినా.

చలి వెనకబట్టాక ఒక సాయంత్రం డాక్టరమ్మ వెళ్ళేసరికి ఆమె మంచం పట్టె మీద కూర్చుని ఉంది. కిటికీ తెరిచి ఉంది. ఆ రోజు ఆమె అత్తయ్య ఏదని అడగలేదు.

"కూర్చోండి," అంది. "నాకంతా గుర్తొచ్చింది."

డాక్టరమ్మ పక్కన కూర్చుంది.

"ఆ రాత్రి నాకు మెలకువ వచ్చిందండి. తల దిమ్ముగా, గది తిరిగిపోతూ ఉంది. కిటికీ తీద్దామని లేచాను కూడా. కాళ్ళు తేలిపోతున్నాయి. రెక్క మీద చెయ్యి వేశాను. అత్తయ్యకి గాలి తగిలితే మళ్ళీ ఆయాసం వస్తుందేమోనని తీయలేదు. వచ్చి పడుకున్నాను."

"మూయమన్నది నేనమ్మా," అంది డాక్టరమ్మ.

"మీరు చెప్పారు. చెయ్యి వేసి కూడా తీయనిది నేను." ఆమె తన వణికే వేళ్ళను రెండో చేత్తో పట్టుకుంది. "ఆయనకి చెప్పాలా, వద్దా?"

డాక్టరమ్మ ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. "చెప్పు," అంది. "ఒక్కదానివే మోయలేవు. నేనిక్కడే ఉంటాను."

టైలరును పిలిచారు. మెడలో టేపుతో వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె మళ్ళీ మొదటినుంచీ చెప్పింది, ఆగి ఆగి. ఆయన కిందికి చూస్తూ విన్నాడు.

"నిప్పులు పెట్టింది నేను," అన్నాడు. "నువ్వు వద్దన్నా పెట్టాను. ఆ రాత్రి ఒకసారి లోపలికొచ్చి చూద్దామనిపించింది. చేతిలో పని ఆపబుద్ధి కాలేదు."

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. ముగ్గురూ ఒకే మంచం మీద అటూ ఇటూ చూస్తూ కూర్చున్నారు. ఎవరి తప్పు ఎంతో తేల్చే మాట ఎవరి నోటా రాలేదు.

బయట దుకాణంలో ఎవరో పిలిచారు. చొక్కాకు కొలతలివ్వడానికి వచ్చిన మనిషి. టైలరు కళ్ళు తుడుచుకుని లేచాడు. ఆయన అవతలి గదిలో మెడ, భుజం, చేతి పొడుగు పైకి చదువుతూ ఉంటే, ఆ గొంతు వింటూ ఆమె నెమ్మదిగా డాక్టరమ్మ భుజం మీదికి వాలింది. పొద్దు గూకేదాకా డాక్టరమ్మ కదల్లేదు.