మా దేశానికి కొంచెం సమయం కావాలి

ఇంద్రజకి భయపడడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పొయ్యి ఆపానో లేదోనని సగం దారిలో కారు వెనక్కి తిప్పించే మనిషి. కూతురు అక్షయ స్కూలు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, పామర్‌స్టన్ నార్త్‌లో ఉన్న రోడ్లన్నీ ఆమె కళ్ళ ముందు గిర్రున తిరుగుతాయి. "మీ అమ్మ భయానికి ఒక వైరు కలిపితే మన వీధి మొత్తం హీటర్లు నడుస్తాయే," అంటాడు సాయినాథ్ కూతురితో. అలాంటి ఇంద్రజ ఆ ఆగస్టు ఆదివారం ఏ భయమూ లేకుండా, ఎంతో సంబరంగా, చెయ్యకూడని పని చేసింది.

అయిదు వారాలుగా వాళ్ళింట్లో ఒక అతిథి ఉంటోంది. పేరు డొమింగాస్. తూర్పు తిమోర్ అనే చిన్న దేశం నుంచి వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళుంటాయి, అక్కడ కస్టమ్స్‌లో ఉద్యోగం. అక్టోబరులో వాళ్ళ దేశం ఆసియాన్‌లో, అంటే ఆ చుట్టుపక్కల పది దేశాలు కట్టుకున్న కూటమిలో, పదకొండోదిగా చేరబోతోంది. చేరాక మీటింగులన్నీ ఇంగ్లీషులోనే. అందుకని కొంతమంది అధికారుల్ని ఇంగ్లీషు నేర్చుకోమని ఇక్కడికి పంపారు. కాలేజీవాళ్ళు ఒక్కొక్కరిని ఒక్కో ఇంట్లో ఉంచారు.

సోమవారం ఉదయం చివరి పరీక్ష. పరీక్షంటే రాసేది కాదు, ఉత్తుత్తి మీటింగు. వాళ్ళ పైఅధికారి తిమోర్ నుంచి వీడియోలో చూస్తాడు. బాగా మాట్లాడితే, ఆ కూటమి ఆఫీసున్న ఇండోనేషియా రాజధాని జకార్తా వెళ్ళే బృందంలో డొమింగాస్ పేరుంటుంది. నోరు పెగలకపోతే మళ్ళీ రేవులో పెట్టెలు తెరిచి చూసుకోవడమే.

రోజూ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ప్రాక్టీసు. సాయినాథ్ సింగపూర్. అక్షయ అధ్యక్షురాలు, గరిటెతో బల్ల మీద కొడుతుంది. "నాకు ఇండోనేషియా ఇవ్వండి, అందులో నా పేరు సగం ఉంది," అని అడిగి తీసుకుంది ఇంద్రజ. సింగపూర్ ఎన్ని ప్రశ్నలేసినా డొమింగాస్ తడుముకుంటూనైనా జవాబు చెప్పేది. ఇండోనేషియా అడిగితే మాత్రం ఆగిపోయేది. జవాబు తట్టనప్పుడు చెప్పమని టీచరు ఒక వాక్యం నేర్పింది: గౌరవ ప్రతినిధికి ధన్యవాదాలు, జవాబివ్వడానికి మా దేశానికి కొంచెం సమయం కావాలి. ఆ వాక్యం కూడా గొంతులోనే ఉండిపోయేది.

"ఏమీ తెలీనప్పుడు చెప్పే మాట కూడా రాకపోతే ఎలా అమ్మాయ్?" అని ఇంద్రజ నవ్వేది. డొమింగాస్ నవ్వేది కాదు.

ఇంద్రజ చూడక కాదు. ఆ అమ్మాయి ఎప్పుడూ గోడకి వీపు ఆనేలా కుర్చీ జరుపుకుని కూర్చుంటుంది. ఇంటిల్లిపాదీ చెప్పులు గుమ్మం దగ్గర విడిస్తే తను మాత్రం బూట్లు చేత్తో పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి, మంచం పక్కన, తలుపు వైపు తిప్పి పెట్టుకుంటుంది. వీపుసంచీ సర్దే ఉంటుంది, ఏ క్షణాన్నైనా బయల్దేరేలా. ఇదంతా ఇంటి మీద బెంగ అనుకుంది ఇంద్రజ. బెంగకి మందు తనకి తెలుసు. పదకొండేళ్ళ క్రితం ఈ ఊరొచ్చిన కొత్తలో సూపర్‌మార్కెట్లో "ఏ ఊరండీ మీది?" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. తెనాలి కుసుమగారు. ఆ ఒక్క మాటకి ఇంద్రజ ట్రాలీ పట్టుకుని భోరుమంది. అప్పట్నుంచీ ఎవరు ఒంటరిగా కనిపించినా వాళ్ళ వైపు మనిషిని వెతికి కలిపేదాకా ఆమెకి నిద్రపట్టదు.

ఆస్పత్రి వంటగదిలో, రోగుల ట్రేలు సర్దే చోట, ఇంద్రజ పక్కన పనిచేసే ఆవిడ పేరు రత్నాదేవి. ఆ పేరు చూసి మొదటిరోజే "మీది ఏ జిల్లా?" అని అడిగేసింది. ఆవిడది జావా. ఇండోనేషియా. అయినా స్నేహం కుదిరింది. పొద్దున్నే రత్న "అపా కబర్?" అని పలకరిస్తుంది, ఎలా ఉన్నావని. అచ్చం మన కబురే కదా అని ఇంద్రజ మురిసిపోతుంది.

శనివారం అక్షయ ఫోనులో మ్యాపు చూపించింది. తిమోర్ ఒక దీవి. సగం డొమింగాస్ వాళ్ళది, సగం ఇండోనేషియాది.

"చూశావా! ఒకే దీవి! గోడకి అటొకరూ ఇటొకరూ! రేపు లంచ్‌కి రత్ననీ వాళ్ళాయన్నీ పిలుస్తున్నా. ఈ పిల్లకి చెప్పకు, సర్‌ప్రైజ్."

"అమ్మా, వాళ్ళకీ వీళ్ళకీ ఏదో వార్ అయింది. యూ షుడ్ ఆస్క్ హర్ ఫస్ట్."

"ఎప్పటిదో అయుంటుంది. ఇప్పుడు అందరూ ఒకే సంఘంలో చేరుతున్నారుగా. పగలుంటే చేరతారా?"

అక్షయ భుజాలెగరేసి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న డొమింగాస్ చర్చికి వెళ్ళొచ్చింది. గాలి తెగ వీస్తోంది. పెరట్లో గరాజ్ పక్క తలుపు గడియ ఊడి, ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే చలికాలమంతా కొట్టుకుంటూనే ఉంది. బాగు చెయ్యమని ఇంద్రజ అంటూనే ఉంది, సాయినాథ్ రేపంటూనే ఉన్నాడు. చేపల పులుసు, గుత్తివంకాయ, పప్పుచారు. పన్నెండున్నరకి రత్న, ఆమె భర్త హర్తోనో వచ్చారు. హర్తోనో పాలపొడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. బట్టతల, పెద్ద నవ్వు, మెత్తటి మనిషి.

"ఎవరొచ్చారో చూడు!" అంది ఇంద్రజ.

డొమింగాస్ అప్పుడే కుర్చీ గోడకి జరుపుకుని కూర్చుంది. హర్తోనో రెండు చేతులూ చాపి, తల కొంచెం వంచి, ఎంతో మర్యాదగా, "అపా కబర్, బు?" అన్నాడు, బు అంటే అమ్మగారూ అని.

డొమింగాస్ లేచి నిలబడింది. రెండు చేతులూ ఒంటికి ఆనించి, గడ్డం ఎత్తి, బడిలో పిల్ల మేష్టారి ముందు నిలబడ్డట్టు. ఆ భాషలోనే జవాబు చెప్పింది. ఇంగ్లీషులో నాలుగు మాటలకి నలభైసార్లు ఆగే మనిషి గడగడా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. హర్తోనో "ఆహా!" అన్నాడు. ఇంద్రజ సాయినాథ్ వైపు గర్వంగా చూసింది.

డొమింగాస్ మళ్ళీ కూర్చోలేదు. బాత్రూమ్ అని చెయ్యి చూపించి లోపలికెళ్ళింది.

పులుసు చల్లారింది. పావుగంట. ఇంద్రజ వెళ్ళి తలుపు తట్టింది. బాత్రూమ్ ఖాళీ. గది ఖాళీ. ఫోను మంచం మీదుంది. సంచీ ఉంది. బూట్లు తలుపు వైపు తిరిగి అలాగే ఉన్నాయి. పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది.

ఇన్నేళ్ళుగా ఇంద్రజ పడిన భయాలన్నీ ఒక ఎత్తు, ఆ ఓరతలుపు ఒక ఎత్తు. అవన్నీ తను ఊహించుకున్నవి. ఇది ఎదురుగా ఉంది.

"బూట్లు కూడా వేసుకోలేదండీ," అంది. 

సాయినాథ్ కారు తాళాలు తీసుకున్నాడు. "నేను నది బ్రిడ్జి వైపు వెళ్తా."

"బ్రిడ్జి ఎందుకండీ? బ్రిడ్జి అంటారేంటి?"

అతను అప్పటికే కారు వెనక్కి తీస్తున్నాడు. అక్షయ సైకిలెక్కింది, వెళ్తూ వెళ్తూ తల్లి వైపు ఒక్క చూపు చూసింది. అందులో తిట్టు లేదు, అందుకే ఇంకా తగిలింది. రత్న ఏడుస్తోంది. "నేను రాకుండా ఉండాల్సింది. ఆమెది తిమోర్ అని నువ్వు నాకు చెప్పనేలేదు ఇంద్రజా." నిజమే, ఎవరికీ చెప్పలేదు, సర్‌ప్రైజ్ కదా. వాళ్ళిద్దరూ కూడా వెతుకుతామని కారులో వెళ్ళారు.

ఇల్లు నిశ్శబ్దమైంది. ఇంద్రజ పెరట్లోకొచ్చి నిలబడింది. నది చల్లగా ఉంటుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలి? కాలేజీకా, పోలీసులకా? మీ దేశం పంపిన మనిషిని నేను పోగొట్టానని ఏ భాషలో చెప్పాలి? ఆరేసిన దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. పక్కింటి గేటు కొట్టుకుంటోంది. ఏదో తక్కువైనట్టుంది. ఏమిటది?

గరాజ్ తలుపు కొట్టుకోవడం లేదు.

ఇంద్రజ దగ్గరికెళ్ళి నెట్టింది. అరచెయ్యంత తెరుచుకుని ఆగింది. లోపలినుంచి తాడుతో కట్టి ఉంది.

"నేనే అమ్మాయ్. ఇంద్రజని. ఒక్కదాన్నే."

 తర్వాత తాడు వదులైంది. బియ్యం బస్తాలున్న చోట చెప్పులతో అడుగుపెట్టే అలవాటు లేదు ఇంద్రజకి. ఆ కంగారులో కూడా చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళింది.

డొమింగాస్ బస్తాల వెనక మూలలో, మోకాళ్ళు ముడుచుకుని ఉంది. ఒక చేత్తో తన నోరు తనే గట్టిగా మూసుకుంది. ఇంద్రజ లైటు వెయ్యలేదు. చల్లటి సిమెంటు మీద పక్కన కూర్చుంది. కొంగు తీసి ఆమె పాదాల మీద కప్పింది.

కొంతసేపటికి చెయ్యి నోటి మీంచి దిగింది.

"మానా," అంది డొమింగాస్. వాళ్ళ భాషలో అక్కా అని. ఆపైన విరిగిన ఇంగ్లీషులో, ఆగి ఆగి చెప్పింది. "నాకు పదేళ్ళు. అప్పుడు మా దేశం ఇండోనేషియా చేతిలో ఉంది, బడిలో కూడా వాళ్ళ భాషే. మా ఊరు తగలబడుతోంది. మొక్కజొన్న గాదె కింద దాక్కున్నాం. మా అమ్మ నా నోరు మూసింది. వాళ్ళు అరవలేదు, మానా. ఒకాయన బయటినుంచి మా నాన్నని పిలిచాడు. మంచిగా. ఎలా ఉన్నారని అడిగాడు. సిలాకన్ కెలువార్, అన్నాడు. దయచేసి బయటికి రండి, ఏమీ కాదు, అని. నాన్న చొక్కా సర్దుకుని వెళ్ళాడు."

 తర్వాత ఏమైందో ఇంద్రజ అడగలేదు.

"అరిస్తే నాకు భయం లేదు. రేవులో రోజూ అరుస్తారు. జకార్తాలో ఎవరూ అరవరు. నవ్వుతారు. టీ ఇస్తారు. ఎలా ఉన్నారని అడుగుతారు."

"అయితే వెళ్ళకు. వద్దని చెప్పెయ్. ఇంకెవరైనా వెళ్తారు."

"ఎవరు? అందరిళ్ళలోనూ మా నాన్నలా బయటికెళ్ళినవాళ్ళు ఒకరున్నారు. మాది చిన్న దేశం మానా. తలుపేసుకుని కూర్చుంటే బతకలేం. బయటికొస్తే పక్కిల్లు వాళ్ళదే."

అప్పుడు వాకిట్లో కారు ఆగింది. సాయినాథ్ అనుకుని ఇంద్రజ లేవబోయింది. కంకర మీద అడుగుల చప్పుడు పెరటి వైపు వచ్చింది. నెమ్మదైన, బరువైన అడుగులు. సాయినాథ్‌వి కావు. అవి తలుపు ముందు ఆగాయి. విడిచిన చెప్పులు కనిపించి ఉంటాయి. డొమింగాస్ వేళ్ళు ఇంద్రజ మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.

"బు డొమింగాస్," అన్నాడు హర్తోనో బయటినుంచి. ఎంత మెత్తగా పిలవాలో అంత మెత్తగా. "సిలాకన్ కెలువార్..."

పాపం, ఆయనకి అంతకంటే మంచి మాట తెలీదు. ఆ మాట అర్థం తెలిసిన ఇంద్రజ ఒళ్ళు మాత్రం జలదరించింది. తలుపు సందులోంచి పడే వెలుతురులో ఆయన బూటు కొస కనిపిస్తోంది. ఆదివారం, పట్టపగలు, తన గరాజ్, తను కొన్న బియ్యం. అయినా ఆ బూటు కొస నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది. అరుద్దామనుకుంది, వెళ్ళిపొమ్మందామనుకుంది. గొంతు రాలేదు. ఇదా, ఈ పిల్ల గొంతుకి అడ్డుపడేది?

పక్కన డొమింగాస్ లేచి నిలబడుతోంది. చేత్తో చొక్కా సర్దుకుంటోంది. అది చూసి ఇంద్రజ ఆమె స్కర్టు అంచు గట్టిగా పట్టుకుంది. డొమింగాస్ తలుపు వైపు అడుగెయ్యలేదు. ఉన్నచోటే నిలబడి, ఇంగ్లీషులో, బొంగురు గొంతుతో, ఒక్కొక్క మాటే పైకి లాగుతూ అంది:

"గౌరవ ప్రతినిధికి ధన్యవాదాలు. జవాబివ్వడానికి... మా దేశానికి కొంచెం సమయం కావాలి."

 బూటు కొస కదల్లేదు.

"తప్పకుండా," అన్నాడు హర్తోనో చివరికి, ఇంగ్లీషులోనే. గొంతు మారిపోయింది. "ఎంత కావాలంటే అంత తీసుకోండి, మేడమ్. మేం వెళ్తాం."

అడుగులు వెనక్కి వెళ్ళాయి. కారు తలుపులు రెండు మూసుకున్నాయి. ఆ చప్పుడు వీధి చివర కలిసిపోయేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. డొమింగాస్ బస్తా మీద కూలబడింది. ఇంద్రజకి దుఃఖం ఆగలేదు. "నాదే తప్పు అమ్మాయ్. నిన్ను అడగాల్సింది," అని ఎన్నిసార్లందో తనకే తెలీదు.

డొమింగాస్ వినడం లేదు. తలుపు సందు వైపే చూస్తోంది.

"రేపు తొమ్మిదింటికి," అంది. "మానా, నువ్వేగా ఇండోనేషియా. నన్ను అడుగు."

"ఏమని?"

"ఆయన అడిగింది."

"వద్దు తల్లీ. నా వల్ల కాదు."

"రేపు ఒకవేళ బాగా చేస్తే, తర్వాత వాళ్ళు నిజంగా అడుగుతారు. ముందు నువ్వడుగు. నవ్వుతూ."

రోజూ పొద్దున్నే ట్రేల దగ్గర సరదాగా అనే మాట. ఇంద్రజ పెదాలు తడుపుకుంది. నవ్వడానికి ప్రయత్నించింది. "అపా కబర్?"

డొమింగాస్ చెయ్యి ఎగిరి నోటి మీద పడింది.  తర్వాత దాన్ని రెండో చేత్తో పట్టుకుని కిందికి లాగింది.

"మళ్ళీ."

"అపా కబర్?"

మళ్ళీ చెయ్యి లేచింది. ఈసారి గడ్డం దాకా వచ్చి, అక్కడే ఆగింది. వాకిట్లో సాయినాథ్ కారు వచ్చిన చప్పుడు, అక్షయ "అమ్మా!" అని కేక.  ఇంద్రజ ఆ చేతినే చూస్తూ ఇంకోసారి అడిగింది.