మూతలున్న క్లారినెట్

చెయ్యి తిరిగిన వడ్రంగిని చెక్కతో బురిడీ కొట్టించాలనుకోవడం ఎంత అమాయకత్వమో ఆ పాత వాయిద్యాల దుకాణదారుకు తెలిసినట్టు లేదు. నల్లగా నిగనిగలాడుతున్న క్లారినెట్‌ను బల్ల మీద పెట్టి, "కొత్తదాన్ని తలదన్నేస్తుంది సార్" అన్నాడు.

వడ్రంగి దాన్ని వెలుతురుకేసి తిప్పి గోరుతో గీశాడు. వెంట్రుకంత గీత తగిలింది. చెక్కపొడిలో లక్క కలిపి బీటను పూడ్చారు. బీరువా తలుపులకు తనూ అలాంటి మాట్లు ఎన్నో వేశాడు.

"ఈ విద్యలన్నీ నా దగ్గరేనా గురువుగారూ?" అన్నాడు.

దుకాణదారు దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. ఇది బీట లేనిది. వడ్రంగి పక్కనున్న మేనకోడలిని ముందుకు తోశాడు. బడి బ్యాండులో క్లారినెట్ తప్ప ఇంకేదీ వద్దని నెల రోజులుగా ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేస్తున్న పదకొండేళ్ల పిల్ల.

"ఊదడం నేను చూసుకుంటా, వేళ్లు నువ్వు పెట్టు పాపా" అన్నాడు దుకాణదారు. మొదటి రెండు రంధ్రాలకూ స్వరం చక్కగా దిగింది. మూడో వేలు పెట్టగానే కీచుమంది.

పిల్ల ఎడమచేతి ఉంగరపు వేలికి చివరి కణుపు లేదు. రెండేళ్ల కిందట వడ్రంగి కరెంటు రంపం ఆపకుండా ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లిన రెండు నిమిషాల్లో పోయింది. అక్క ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు.

"డ్రమ్ము ఇప్పించండి సార్, వేళ్లతో పనుండదు" అన్నాడు దుకాణదారు. వడ్రంగికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"అంకుల్, దానికి మూతలున్నాయేంటి?" పిల్ల పై అరకేసి చూపించింది.

"అదా? ఉత్త ప్లాస్టిక్‌ది. రంధ్రాలు మూయలేని వేళ్ల కోసం చేశారట. ఎవరూ కొనరు."

బుద్ధెరిగాక వడ్రంగి ఒక్క ప్లాస్టిక్ వస్తువును మెచ్చుకున్న పాపాన పోలేదు. అయినా దింపించాడు. మూతలన్నీ నొక్కిపట్టమని పిల్లకు చెప్పి, కింది కొసను అరచేత్తో మూసి పైనుంచి ఊదాడు. ఎక్కడా గాలి పోలేదు. తర్వాత దుకాణదారు ఊదుతుంటే పిల్ల ఒక్కో మూతా నొక్కుతూ వచ్చింది. మొండివేలి కింద మూడో మూత మెత్తగా పడింది. స్వరం ఏ కీచూ లేకుండా దిగింది.

వడ్రంగి పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఆ రోజు రంపం ఆపకపోవడం నా తప్పేరా బుడంకాయ్" అన్నాడు. రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"తెలుసు మావయ్యా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

ఆ మాట అనేసి, దుకాణదారు చేతిలోంచి క్లారినెట్ లాక్కుని నోటికి పెట్టుకుని బలమంతా పెట్టి ఊదింది. దుకాణమంతా దద్దరిల్లేలా కీచుమంది. వడ్రంగి చప్పున ఆమె మొండివేలికేసి చూశాడు.

"ఇది వేలి వల్ల కాదు మావయ్యా!" అంది పిల్ల సంబరంగా. "నాకు ఇంకా రాదు, అంతే!"